పదకొండు మార్కుల ప్రశ్న

ఇరవై మూడో చీటీ మీద భానోజీ బొటనవేలు ఆనించాడు. 'మీ సంస్థలో ఎదుగుదల ఎలా ఉంటుంది?' మెప్పుసూచి ఎనభై ఎనిమిది చూపించింది. అభ్యర్థి దండం పెట్టి ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళాడు.

ఒక అభ్యర్థికి ఒక్కటే ప్రశ్న. దానికి సంస్థ తరఫున బదులిచ్చే జవాబరి అబద్ధం చెప్పకూడదు, చెప్పింది హాల్లో అందరికీ వినిపించాలి. ఎంత గొప్ప చట్టం! అందుకేగా మెప్పుసూచిని కనిపెట్టారు. సంస్థను ఇరుకున పెట్టని ప్రశ్నలకే అది ఎక్కువ మార్కులు వేస్తుంది, అవి ఉన్నవాళ్ళకే ఉద్యోగం. అలాంటి ప్రశ్నలు ఏరి ఇవ్వడమే పద్నాలుగేళ్ళుగా భానోజీ కొలువు.

ఇరవై నాలుగో అమ్మాయి పాత చీటీ ఒకటి బల్ల మీద పెట్టింది.

"నా పేరు గౌరీశ్వరి అండి, మాది భీమిలి. మా అన్నకి మీరిచ్చిన ప్రశ్నేనండి ఇది. తొంభై నాలుగొచ్చింది. నాకూ ఇదే ఇచ్చేయండి."

'సంస్థ విజయానికి నేనెలా తోడ్పడగలను?' కింద భానోజీ వేలిముద్ర.

ఎర్రన్న! మరిచిపోతే కదా. ఆరేళ్ళ కిందట ఇక్కడే నిలబడి, "నాకు ముందు ఈ పని చేసినోళ్ళు ఇప్పుడెక్కడున్నారని అడుగుతానండి" అన్నాడు. పదకొండు మార్కులు. "వెర్రివాడా, నోటికాడి కూడు పోగొట్టుకుంటావా?" అని కసిరి, అది కొట్టేసి, ఈ చీటీ చేతిలో పెట్టింది తనే. ఆ సాయంత్రం ఎర్రన్న మిఠాయి పొట్లం కూడా తెచ్చి ఇచ్చాడు.

"అన్న ఎలా ఉన్నాడమ్మా?"

"ఏటోనండి. సముద్రం అడుగుగనిలోకి దిగినోడు, ఏడాదిగా కబురు లేదు. అడిగితే డ్యూటీలో ఉన్నాడంటారు. నాకూ అక్కడే పని దొరికితే ఎళ్ళి చూస్తాను కదా!"

భానోజీ తెర వంక చూశాడు. ఖాళీ: సముద్రపు అడుగుగని, నాలుగో పీడనగది, కాపరి. ఎర్రన్న చేసిన పనే. ఒక్క మనిషి పట్టే గది అది. మనిషి ఉంటే ఖాళీ ఎందుకొస్తుంది?

కొత్త చీటీ రాశాడు. మెప్పుసూచి ఎర్రగా వెలిగి, పదకొండు చూపించి, వద్దని మూడుసార్లు హెచ్చరించింది. మూడుసార్లూ వేలు ఆనించాడు.

"ఇదడుగు తల్లీ. ఉద్యోగం రాదు. కానీ వాళ్ళు జవాబు చెప్పి తీరాలి."

"ఎవరి ప్రశ్నండి ఇది?"

"మీ అన్నదే. అప్పుడు నేనే కొట్టేశాను."

ఆమె చీటీ తీసుకుని లోపలికి వెళ్ళింది. జవాబరి గొంతు హాలంతా వినిపించింది.

"నాలుగో పీడనగదిలో ఇంతవరకు ఐదుగురు పనిచేశారు. ఐదుగురూ అక్కడే మరణించారు. చివరివారు, పోయిన ఏడాది."

గౌరీశ్వరి బయటికొచ్చింది. బల్ల మీది పాత చీటీ తీసుకుంది.

"ఆ రోజే అడగనిచ్చుంటే మా అన్న ఇంటికొచ్చేసేవోడు కదండీ?"

భానోజీ అవునని తల ఊపాడు. ఆమె వెళ్ళిపోయింది.

ఇరవై అయిదోవాడు భానోజీ ఇచ్చిన తొంభై ఒక్క మార్కుల చీటీ వెనక్కి తోశాడు.

"నాకూ ఆ పదకొండు మార్కులదే ఇవ్వండి."

వాడి వెనక వరుసలో ఇంకో ఇద్దరు తాము రాసుకొచ్చిన చీటీలు చించేశారు. భానోజీ కళ్ళు తుడుచుకుని, ఆరేళ్ళు ఆలస్యంగా, మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.