కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్

తను కుర్చీ మీద పెట్టి వెళ్లిన టిష్యూ ప్యాకెట్‌ని విప్పి ఎవరో ఒకతను చెమట తుడుచుకుంటున్నాడు. నిఖిల నూడుల్స్ ట్రేతో నిలబడిపోయింది.

"ఎక్స్‌క్యూజ్ మీ, దట్స్ మై సీట్."

అతను లేచాడు. "సీట్లకు కూడా ఓనర్లా!" అని తెలుగులో గొణిగాడు.

"ఓనర్లే. ప్యాకెట్ పెడితే చోప్ చేసినట్టు, సీటు ఆపుకున్నట్టు. ఇక్కడ ఎవ్వరు ముట్టుకోరు."

తెలుగు వినగానే అతను నాలుక కరుచుకున్నాడు. "మా ఒంగోలు బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసినట్టన్నమాట!"

"ఆ తువ్వాలతోని మొహం తుడుసుకుంటరా మీ ఊళ్లె?"

"తుడుచుకుని సీట్లో కూడా కూర్చుంటామండీ."

నవ్వకూడదనుకుంది. నవ్వింది.

అది 2000 సంవత్సరం, సింగపూర్ పాయా లేబర్‌లో తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్. అతని పేరు కౌశల్, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మీద వచ్చాడు. నిఖిల యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తోంది.

"దేని మీద?"

"అర్జెంటీనాల బాలే డ్యాన్స్ ఎట్ల మొదలైందని."

"వరంగల్ నుంచి సింగపూర్ వచ్చి అర్జెంటీనా గురించా! ఆ దేశంలో ఎవరికీ ఖాళీ లేదా?"

వెక్కిరించాడే గానీ ప్రతి శనివారం వచ్చి వినేవాడు. యూరప్ నుంచి ఓడల్లో బృందాలు బ్యూనస్ ఎయిర్స్ వచ్చేవి. 1913లో రష్యన్ బాలే బృందం వచ్చింది, 1917లో మళ్లీ వచ్చింది. ఆడారు, సామాను సర్దుకుని వెళ్లిపోయారు. అక్కడి కొలోన్ థియేటర్‌కు సొంత బృందం ఏర్పడింది 1925లోనే.

"ఓడ వెళ్లిపోయాక ఆ ఊరివాళ్లు ఏం చేసేవాళ్లు?"

"మళ్ల ఎప్పుడొస్తదా అని చూసేటోళ్లు."



ప్రాజెక్టు అయిపోయింది. కంపెనీ అతన్ని సిడ్నీ పంపింది. చాంగీ ఎయిర్‌పోర్టులో "వస్తానండీ" అన్నాడు. ఎప్పుడో చెప్పలేదు. ఉండమందామనుకుని, "పోయిరండి" అంది నిఖిల.

ఆ తర్వాత శనివారాల్లో నిఖిల రెండు ప్యాకెట్లు పెట్టేది, ఒకటి తన కుర్చీ మీద, ఒకటి ఎదుటి కుర్చీ మీద.

"వన్ పర్సన్, టూ సీట్స్, కెనాట్ లా!" అని కాఫీ షాపు ఆంటీ కసిరేది.

"కమింగ్, ఆంటీ."

"హూ కమింగ్?"

నిఖిల నూడుల్స్ కలుపుతూ ఉండిపోయేది. అతని ఈమెయిళ్లలో సిడ్నీ చలి ఉండేది, ఆఫీసు ఉండేది. వచ్చే సంగతి ఉండేది కాదు.

ఒక శనివారం వాన. జనం పరుగెత్తుకొచ్చి బల్లలన్నీ నింపేశారు. నిఖిల ఎదుటి కుర్చీ ఒక్కటే ఖాళీ. ఒకతను వచ్చి దాని పక్కన ఆగాడు. చొక్కా నుంచి నీళ్లు కారుతున్నాయి. ప్యాకెట్ ముట్టుకోలేదు.

"ఈ సీటు ఎవరిదండీ?"

ఆమె తల ఎత్తింది. కౌశల్.

"చోప్ చేసిన."

"ఎవరికి?"

"ఓడెక్కి పోయేటోళ్లకైతే కాదు."

"సిడ్నీలో మానేశాను. సోమవారం నుంచి ఇక్కడే, జురాంగ్‌లో ఉద్యోగం. నాది 1925 అనుకోండి, ఇక ఈ ఊరి బృందమే." చొక్కా అంచు పిండుకుంటూ అన్నాడు, "ఆ రోజు మీరు ఉండమని ఉంటే వెళ్లేవాణ్ణే కాదు."

"ఇప్పుడంటున్న. ఉండు."

అతను ఇంకా నిలబడే ఉన్నాడు. నిఖిల ఎదుటి కుర్చీ మీది ప్యాకెట్ తీసి, తానే విప్పి అతనికి అందించింది.

"తుడుసుకో. తడిసినవ్."