వంతు తప్పిన నీళ్లు

మంచుకొండల నడుమ సెర్లుంగ్ అనే లోయ ఉండేది. ఏడాదిలో ఏడు నెలలు దాని కనుమ మంచుతో మూసుకుపోయేది. వాన చుక్క పడని ఆ చోట, కొండమీది మంచు కరిగి కాలువలోకి దిగిన నీళ్లే బార్లీ చేలకు ప్రాణం. అవి ఇంటింటికీ వంతు ప్రకారం పారాలి. నీళ్లను చేలకు మళ్లించే మడవ రాయి జరిపే హక్కు నీరుగంటి ముతుప్ తాత ఒక్కడిదే.

ఒక వేసవిలో యాంగ్డోల్ అనే పిల్ల, తన చేను వాడిపోతుంటే ఓర్చుకోలేక, వంతు కాని పూట రాయి జరిపింది. దిగువ చేలు ఎండాయి. ఊరు ముతుప్ తాతను అనుమానించి, తలపాగా తీయించి, లోయ విడిచి పొమ్మంది. గుంపులోనే ఉన్న యాంగ్డోల్ నోరు మెదపలేదు. తెల్లారేసరికి కాలువంతా గడ్డకట్టింది. మండుటెండకు కూడా ఒక్క చుక్క కరగలేదు.

“కొండమీది హిమమాతను మెప్పించి నీళ్లు తెచ్చినవారే ఈ లోయకు ఏలిక!” అని పెద్దలు చాటించారు. సిగ్గుతో తిండి సయించని యాంగ్డోల్ బయలుదేరింది. “మా తల్లే, ఎంత ధైర్యం!” అని ముసలమ్మలు దీవిస్తుంటే ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కనుమలో గాలిరక్కసుడు అడ్డుపడ్డాడు. “ఎవతెవే?”

“ఊరిని కాపాడటానికి వచ్చినదాన్ని.”

వాడు ఆమెను మూడుసార్లు కిందికి విసిరేశాడు. నాలుగోసారి “నీళ్లదొంగను” అని గొణిగితే దారి వదిలాడు.

లోతైన మంచుపగులు దగ్గర చిరుతపులి పళ్లు నూరింది. “దొంగను తింటే పాపం లేదుగా?”

“తిందువుగాని. ముందు ముతుప్ తాతను ఊళ్లోకి రానీ.”

చిరుత పకపకా నవ్వి, ఆమెను వీపున మోసి పగులు దాటించింది.

హిమమాత కాళ్లమీద పడి యాంగ్డోల్ అంతా చెప్పుకుంది. ఆ తల్లి కరగలేదు.

“నీళ్లు తీసుకుంటే ఓర్చుకున్నాను. నీ తప్పు ఆ ముసలాడి నెత్తిన పడుతుంటే చూస్తూ నిలబడ్డావే, అందుకు గడ్డకట్టాను. నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సిన చోట చెప్పు.”

రక్కసుడూ చిరుతా ఒక లెక్కా! ఆమె హిమమాతను మెప్పించే వచ్చిందనుకుని ఊరి పొలిమేరలో జనం డోళ్లు మోగిస్తుంటే అసలు భయం పట్టుకుంది. మెడలో దండ వేయబోయిన ఊరిపెద్ద చేతిని పట్టుకుని ఆపింది.

“రాయి జరిపింది నేను. తాత కాదు.”

డోళ్లు ఆగాయి. ఎవరో ఉమ్మేశారు. యాంగ్డోల్ తలవంచుకుని ఏడుస్తుండగానే, పైన మంచు ఫెళ్లున పగిలి, నీళ్లు కాలువలోకి దూకాయి. జనం కనుమ అవతలికి పరుగున వెళ్లి ముతుప్ తాతను తీసుకొచ్చి తలపాగా చుట్టారు.

“మరి ఏలిక సంగతి? దొంగకెలా ఇస్తాం?” అన్నాడొకడు.

ముతుప్ తాత అందరినీ ఒకసారి కలయజూశాడు. “సరే, వంతు కాని పూట ఎన్నడూ రాయి జరపనివాళ్లు ముందుకు రండి. మీకే ఇద్దాం.”

ఒక్కరూ కదల్లేదు. అందరూ నేల చూపులు చూశారు. అలా యాంగ్డోల్ సెర్లుంగ్‌కు ఏలికై చాలాకాలం చల్లగా పాలించింది.