గీత ముందు, చుక్కలు తర్వాత

శత్రుదేశపు ముఠా తన రహస్య ట్రాన్స్‌మిటర్‌ని నాలుగు రోజుల్లో నాలుగు చోట్లకి మార్చింది. చీఫ్ వాటిని గ్రాఫ్ మ్యాప్ మీద చుక్కలుగా పెట్టాడు: (2, 3), (4, 7), (6, 11), (8, 15).

"ప్రతిసారీ రెండు గడులు పక్కకి, నాలుగు పైకి," అన్నాడు. "రేపటి చుక్క (10, 19). మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ. పొద్దున పదకొండింటికి రెయిడ్. నీ కింద తొమ్మిది మంది."

డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'స్కేలు' అని పిలిచే ఏజెంట్ తలూపాడు. ఆ రీడింగులు తెచ్చింది అతని సొంత అక్కే. ముఠా నడిపే హోటల్లో పాటగత్తె, మన తరఫు డబుల్ ఏజెంట్. ఆమె పౌడర్ డబ్బాలో సిగ్నల్ ఎక్కడిదో పట్టే యంత్రం ఉంది.

మర్నాడు పదింటికి ఆమె ఫోన్ చేసింది. ఒళ్ళు కాలిపోతోందట, వెంటనే రమ్మంది. అతనికి ఈ లోకంలో ఉన్నది ఆమె ఒక్కతే. రెయిడ్ డిప్యూటీకి అప్పగించి పరిగెత్తాడు.

ఆమె నుదురు చల్లగా ఉంది. లిప్‌స్టిక్ తాజాగా ఉంది. కాఫీ ఇచ్చి కూర్చోమంది. మాటిమాటికీ గడియారం చూస్తోంది.

అతనికి అనుమానం తట్టింది. పౌడర్ డబ్బా యంత్రం ఎప్పుడూ అరగడి అటూ ఇటూ చూపించేది. ఈ నాలుగు చుక్కలూ మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా గీత మీదే ఉన్నాయి. టెన్త్‌లో అతని ఫిజిక్స్ రికార్డు ఈ అక్కే రాసిపెట్టింది. ముందు గీత గీసి, దాని మీద చుక్కలు పెట్టింది. ఇంత చక్కగా వచ్చిందంటే ప్రయోగం చెయ్యనే లేదని మాస్టారు సున్నా వేశాడు.

"గీత ముందు గీశావా అక్కా?"

ఆమె మళ్ళీ గడియారం వైపు చూసింది. టైము పదకొండుకి నిమిషం తక్కువ.

అతను చేతి గడియారంలోని వైర్‌లెస్ నొక్కి, ఎవరూ తలుపు ముట్టుకోవద్దని చెప్పాడు. తన చెయ్యి గడియ మీదే ఉందని డిప్యూటీ అన్నాడు. ఆ గడియకి కట్టిన బాంబు వీధి మొత్తాన్ని లేపేసేదని తర్వాత తేలింది.

"నిన్ను తప్పించాను కదరా," అంది అక్క.

"ఆ తొమ్మిది మందికీ అక్కలు లేరా?"

ఆమెకి తనే బేడీలు వేశాడు. తనమీద ఇంత ప్రేమ ఉన్నందుకే ఆమెని ఎక్కువగా అసహ్యించుకున్నాడు.

సాయంత్రం రిపోర్టు రాసి సంతకం పెట్టాడు. ఆనాడు ఆమె గీసిన గ్రాఫుకి సున్నా అతనికి పడింది. ఈసారి ఎవరి మార్కులు వాళ్ళకే.