పైక్ ఇంటి దొంగదారి

నౌకాదళం కమాండర్ పైక్‌ను టీ తాగుతుండగా వెనుకనుంచి కాల్చేశారు. కాసేపటికే ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లో ఆయన ఇంటి ముందు పురుగుమందు వ్యాను ఆగింది. యూనిఫారం తొడుక్కుని, స్ప్రే డబ్బాతో దిగినవాడు ఏజెంట్ వేడ్ కెర్స్‌లేక్.

తలుపు తీసింది అతనికన్నా ముందే వచ్చిన సహోద్యోగి, ఏజెంట్ యెవెట్ కారిగన్. ఎర్రటి గౌను. భుజాన బరువైన హ్యాండ్‌బ్యాగు. చేతిలో సగం కొరికిన కేకు ముక్క.

"అది పైక్ ప్లేటులోది కదూ?"

"ఆయనకిక ఆకలెక్కడిది?"

వేడ్ మొహం తిప్పుకుని కంప్యూటరు దగ్గరికి నడిచాడు.

ఆర్డరు క్లుప్తం: టోరెస్ జలసంధిలో ఆయుధాల ముఠా పడవమీద ఎలీ గిబుమా అనే మన మనిషి మారువేషంలో ఉన్నాడు. అతని అసలు పేరున్న ఫైలు నౌకాదళం ఆఫీసునుంచి పైక్ కంప్యూటరు మీదుగా ఎటో పోతోంది. ఆపాలి. ఆపకపోతే ఎలీ సొరచేపల పాలు.

అది పాత విండోస్ ఎక్స్‌పీ డబ్బా. కీబోర్డు కదపగానే బొద్దింకలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. వేడ్ పళ్లు బిగించి 'మై నెట్‌వర్క్ ప్లేసెస్' తెరిచాడు. వరసగా షార్ట్‌కట్లు: ప్రింటరు, ఆఫీసు చార్టులు, 'మనవరాలి ఫొటోలు'.

"ఆ ఫొటోలదే దొంగది. డిలీట్ కొట్టి పద," అంది యెవెట్.

"షార్ట్‌కట్ తీసేస్తే బోర్డు పీకినట్టే. రోడ్డు అలాగే ఉంటుంది."

"నీ పాఠాలు తరవాత వింటాను. ముందు కొట్టవయ్యా!"

ఆమెకెందుకింత తొందర? వేడ్ రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచాడు. ఆ షార్ట్‌కట్ వెళ్లే చోటు ఫొటోల ఫోల్డరు కాదు. ఒక లాప్‌టాప్. డిపార్ట్‌మెంటులో ఆ లాప్‌టాప్‌కు పేరు పెట్టి యెవెట్ చేతికిచ్చింది తనే!

హ్యాండ్‌బ్యాగులోంచి సన్నగా ఫ్యాను చప్పుడు వినిపించింది.

"పసిపిల్ల పేరు వాడుకున్నావా? ఛీ! ముసలాయన్ని చంపిన చేత్తోనే ఆయన కేకు తిన్నావు!"

"వాళ్లు బాగా ఇస్తారు, వేడ్," అంటూ యెవెట్ పిస్తోలు తీసింది.

వేడ్ స్ప్రే డబ్బా నొక్కాడు. మందు కళ్లలో పడి ఆమె కేక పెట్టింది. గుండు గోడలో దిగింది. రెండో చేత్తో వేడ్ నెట్‌వర్క్ కేబుల్ పట్టి లాగేశాడు. తెరమీద ఫైలు కాపీ అవుతున్న పచ్చగీత చివరి గడి దగ్గర ఆగి, ఎర్రర్ చూపించింది.

ఆమెకు బేడీలు వేసి ఫోను తీశాడు.

"ఫైలు దాటలేదు సార్. ఎలీ క్షేమం. ముఠా మనిషి యెవెట్."

చీఫ్ అడిగాడు: "ఇప్పుడేం చేస్తావు?"

"స్నానం చేస్తాను సార్. అది అయ్యాక ఇంకోసారి."