దహో రాసిన పేజీ

లైబ్రరీ మేడమీద లోజ్బాన్ క్లాసు మొదలైన తొలి ఆదివారమే వాళ్లిద్దరికీ మాటా మాటా పెరిగింది. అపార్థానికి తావుండకూడదని కొందరు పనిగట్టుకుని కల్పించిన భాష అది.

“కొహా అంటే ‘అతను’, అంతేగా?” అన్నాడు మిల్లు ఆఫీసు టైపిస్టు.

“అంతేగా ఏమిటండీ, టైపుబాబూ! ఫలానా మనిషి అని ఒకసారి ముడివేస్తే, మధ్యలో ఎంతమంది వచ్చినా కొహా ఆ మనిషే. మీ ఆఫీసు ఉత్తరాల్లా పూటకో మాట కాదు,” అంది బాయిలర్ మేస్త్రి కూతురు.

“అమ్మో, లాయరమ్మా!”

ఆ పేరు నిలిచిపోయింది. సాధన కోసం ఇద్దరూ ఒకే నోటుబుక్కులో వంతులవారీగా మిల్లు విశేషాలు రాయసాగారు. మొదటి పేజీలో ఆమె ముడులు వేసింది: కొహా అంటే మా నాన్న, కొహె అంటే ఫోర్‌మన్.

“మూడోది, కొహి?”

“ఖాళీగా ఉండనివ్వండి. తర్వాత చెబుతా,” అన్నాడతను. చెవులు ఎర్రబడ్డాయి.

కొహా టీ గ్లాసు పోగొట్టుకున్నాడు. కొహె తన టోపీ మీద తనే కూర్చున్నాడు. కిటికీని వాన కొడుతుంటే ఆ పేజీలు చదువుకుని నవ్వుకునేవారు.

ఒక శుక్రవారం సాయంత్రం బాయిలర్ పేలింది. మేస్త్రి మరణించాడు.

ఎక్కువైన ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వును మేస్త్రే సొంత బుద్ధితో తీగతో కట్టేశాడని యాజమాన్యం రిపోర్టు రాయించింది. టైపిస్టే దాన్ని టైపు చేశాడు. నోటుబుక్కులో ఒకే మాట రాసి ఆమెకు పంపేశాడు: దహో. ముడులన్నీ విప్పేసే మాట అది.

ప్రమాదం మీద సర్కారు విచారణ జరిగే రోజు ఆమె వరండాలో అతన్ని ఆపింది.

“ఏమిటండీ ఇది?”

“ఇక ఆ పుస్తకం వద్దు లాయరమ్మా. నాకు అమ్మ ఉంది, ఇద్దరు చెల్లెళ్లున్నారు.”

“నాకు నాన్న ఉండేవారు.”

ఆమె నోటుబుక్కు తెరిచింది.

“దహో రాసిన చోటునుంచే ముడులు విడిపోతాయి. వెనక పేజీ జోలికి అది పోదు,” అంటూ ఆమె పేజీ తిప్పింది. “శుక్రవారం మధ్యాహ్నం రాశారు. ‘కొహె వాల్వు కట్టమన్నాడు. కొహా వద్దన్నాడు. కొహె అరిచాడు.’ ఇక్కడ ఈ భాష తెలిసినవాళ్లు ఏడుగురు. నేను చదివితే ఎవరు నమ్ముతారు? విన్నది మీరు. అందరికీ తెలిసిన భాషలో మీరే చెప్పాలి.”

లోపలినుంచి విచారణ అధికారి పిలిచాడు. అతను లోపలికి వెళ్లాడు. బల్ల ముందు నిలబడ్డాడు.

“ఈ రిపోర్టు టైపు చేసింది నేనే. ఇది అబద్ధమండీ. మేస్త్రిగారు వద్దన్నా ఫోర్‌మనే కట్టించాడు. ఆఫీసు కిటికీలోంచి విన్నాను.”

“నీ ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?” ఫోర్‌మన్ లేచాడు.

“తెలుసు. మేస్త్రిగారి ప్రాణం కన్నా పెద్దదేం కాదు.”

రిపోర్టును పక్కన పెట్టి, ఫోర్‌మన్‌ను ప్రశ్నించమని అధికారి ఆదేశించాడు. మేస్త్రి మీది నింద తొలగింది. మేస్త్రి మాత్రం తిరిగి రాడు.

బయట వాన పడుతోంది. అతను నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. దహో కింద మళ్లీ ముడివేశాడు: కొహా అంటే మీ నాన్నగారు. దాని కింద, ఇన్నాళ్లూ ఖాళీగా ఉంచిన కొహికి కూడా ముడివేశాడు: ఈ పుస్తకం దాచిన మనిషి. నేను ప్రేమించే మనిషి.

ఆమె చదివింది. నవ్వలేదు. కళ్లు తుడుచుకుని, అతని చేతిలోని పెన్ను లాక్కుని కొంగున ముడివేసుకుంది.

“దీని కింద మళ్లీ దహో రాశారో, ఊరుకోను.”