మూలబండి ఊపిరి

చీకటి పడ్డాక ఆ కార్ల రిపేరు షెడ్డు చివరి మూలకి ఒంటరిగా వెళ్ళిన మగాడు లేడు. వెళ్ళక తప్పకపోతే ఇద్దరు కలిసి వెళ్ళేవారు, అదీ అవసరం లేని విషయాలు గట్టిగా మాట్లాడుకుంటూ. ఆ మూలలో ఒక పాత కారు ఉండేది. దాన్ని అందరూ మూలబండి అనేవారు.

అది ఊపిరి తీస్తుందని పేరు.

ఇంజను ఆపి ఉన్నా సరే, తాళంచెవి గోడకి వేలాడుతున్నా సరే — హుస్స్... అని లోపలికి, కాసేపాగి హాస్స్... అని బయటికి. దానికి గురక కూడా ఉందని వాచ్‌మన్ ఒట్టేసి చెప్పాడు. అయితే ఆ మూల పక్కనే వాచ్‌మన్ మంచం ఉంది కాబట్టి, ఆ గురక ఎవరిదన్నది తేలలేదు.

రబ్బరక్క ఇలాంటివి నమ్మే మనిషి కాదు. పాత కార్ల తలుపులకీ అద్దాలకీ చుట్టూ రబ్బరు అంచులు కోసి అతికించడం ఆమె పని. ఇరవై ఏళ్ళుగా అదే పని కావడంతో అసలు పేరు ఇంట్లో రేషను కార్డుకే పరిమితమైంది.

"అనుమానం పెనుభూతం," అనేది. "రబ్బరు ఎండి చీలికలైంది. ముందు అద్దం కింద జాలీ ఉందిగా, గాలి అందులోంచి దూరి తలుపు సందుల్లోంచి పోతోంది. ఆ మాత్రానికి దెయ్యం ఎందుకు?"

ఆమె తమ్ముడు అదే షెడ్డులో కరెంటు పని చేస్తాడు. నలభై దాటాయి, బారెడు మీసం ఉంది, ఇద్దరు పిల్లల తండ్రి. అయినా ఆ మూలకి వెళ్ళాలంటే మాత్రం అక్క కొంగు పట్టుకోవాల్సిందే.

బండి ఒక తాతగారిది, రిటైరైన బస్సు డ్రైవరు. షెడ్డు వెనక గోడకి ఆనుకునే ఆయన ఇల్లు. ఆయన భార్య మామ్మగారికి ఆయాసం. బస్సెక్కితే పొగ పడదు. సొంత బండి ఎక్కితే గాలి వేసే బ్లోయర్ లోంచి ఎగిరే దుమ్ము పడదు. అందుకని ఏడేళ్ళుగా ఆవిడ గడప దాటింది లేదు. ఇప్పుడు ఊరవతల ఆవిడ అక్క మంచం పట్టి, ఒకసారి చూసిపొమ్మని కబురు పెట్టింది.

"తెల్లారి బయల్దేరాలమ్మా," అని రబ్బరక్క చెయ్యి పట్టుకుంది మామ్మగారు. "ఇంకో నాలుగు రోజులంటే అక్క ఉంటుందో ఉండదో. నాకు దుమ్ము లేని గాలి ఇవ్వండి చాలు."

రబ్బరక్క మాటిచ్చింది. ఆమెకీ ఒక అక్క ఉండేది. చివరిచూపు అందలేదు.

బ్లోయర్ విప్పితే ఎలక గూడు, రెండు దోసిళ్ళ ఎండుటాకులు, పళ్ళూడిన దువ్వెన ఒకటి బయటపడ్డాయి. తమ్ముడు మోటారు తుడిచి, నూనె వేసి, పెట్టె చుట్టూ కొత్త స్పాంజి అతికించాడు. స్విచ్చు వేస్తే గాలి చల్లగా, శుభ్రంగా వచ్చింది. ఆపేశాడు.

ఆపాక కూడా... హుస్స్.

తమ్ముడు బ్లోయర్ గాజు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. "కరెంటు అందకపోతే ఎలా తిరుగుతుందో చూస్తాను."

"పొద్దున మళ్ళీ పెట్టు, మర్చిపోయేవు," అంది అక్క.

ఇక తలుపుల పని మిగిలింది. కొత్త రబ్బరు మహా మొండిది. తలుపు మూసి, బండి చుట్టూ బెల్టులు బిగించి రాత్రంతా వదిలేస్తే గానీ చెప్పిన మాట వినదు. రంగు వేసేటప్పుడు అద్దాలన్నిటికీ అంటించిన కాగితాలు ఇంకా అలాగే ఉన్నాయి. పొద్దు వాలుతుండగా రబ్బరక్క వచ్చి, ఓరగా ఉన్న వెనక తలుపు భుజంతో నొక్కి మూసింది. రెండు బెల్టులు లాగి బిగించింది. నాలుగు పక్కలా సందులు సమంగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూసుకుంది. ఆమె చూపు ఎప్పుడూ సందు మీదే ఉంటుంది. లోపలికి తొంగిచూసే అలవాటు ఆ పనిలో లేదు.

గంట గడిచింది. బయట చీకటి చిక్కబడింది. చేతులు కడుక్కుంటుంటే తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అక్కా..." అన్నాడు. "బండి దగ్గింది."

"పాత బండ్లన్నీ దగ్గుతాయిరా."

"ఇంజను వెయ్యకుండానా?"

ఇద్దరూ చెవులు రిక్కించారు. ముందు ఏమీ లేదు. తర్వాత —

టక్... టక్... టక్.

మూలలోంచే. ఇనుము మీద వేలితో కొట్టినట్టు. తమ్ముడు అక్క కొంగు పట్టుకున్నాడు. రబ్బరక్కకి ఇరవై ఏళ్ళ ధైర్యం ఎటు పోయిందో తెలియలేదు.

అప్పుడే వెనక గోడ మీదుగా తాతగారి గొంతు వినిపించింది.

"అమ్మా, మామ్మ అటు వచ్చిందా? బండిలో దుమ్ము పోయిందో లేదో చూసొస్తానని సాయంత్రం వచ్చింది..."

రబ్బరక్క దెయ్యమైతే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకుంది.

పరుగెత్తింది. బెల్టు కొక్కెం చేతికి చిక్కలేదు. రబ్బరు కోసే కత్తితోనే రెండు బెల్టులూ తెగ్గోసింది. తలుపు రాలేదు. తన చేత్తో అంత గట్టిగా అతికించిన రబ్బరు ఎందుకు వదులుతుంది? బండికి కాలు తన్నిపెట్టి, పళ్ళు బిగించి లాగింది. తలుపు ఊడొచ్చినట్టు తెరుచుకుంది.

లోపలినుంచి చల్లటి గాలి ఆమె ముఖానికి కొట్టి, ఆగిపోయింది.

వెనక సీట్లో మామ్మగారు కాళ్ళు ముడుచుకుని నింపాదిగా కూర్చుని ఉంది. రబ్బరక్క ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చేసింది.

"ఏడుపెందుకే పిచ్చిదానా," అంది మామ్మగారు. "కాస్త ఒరిగితే కునుకు పట్టింది. లేచేసరికి చీకటి, తలుపు రాదు. ఆయాసం ఎగదన్నింది, ఒకటే దగ్గు. ఇక అక్కని చూడలేననుకున్నాను. అంతలో గాలి వేశారుగా, ఊపిరి కుదుటపడింది. అసలు దుమ్మే లేదు. బ్యాటరీ అయిపోతుందేమో, పొద్దుటికి కావాలి కదా... స్విచ్చు ఆపారా?"

రబ్బరక్క తల ఎత్తి తమ్ముడి వైపు చూసింది.

తమ్ముడు మెల్లగా చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. బయటికి తీసి, లైటు కింద అరచెయ్యి తెరిచాడు. గాజు ఫ్యూజు అక్కడే ఉంది.

తెల్లవారకముందే వాడు ఒక్కడే ఆ మూలకి వెళ్ళాడు. ఫ్యూజు దాని చోట్లో పెట్టాడు. పెట్టి, బానెట్ మీద చెయ్యి వేసి, "తప్పైపోయింది, మనసులో పెట్టుకోకు," అన్నాడట. వెనకే వచ్చి నిలబడ్డ రబ్బరక్క విన్నది గానీ, నవ్వలేదు.