టవర్ మీద నాలుగు సీసాలు

డెబ్బై నాలుగో మీటరు దగ్గర డాక్టర్ అన్సెల్మో తాడు తెగింది. అడవి మీదికి లేచిన ఆ ఇనప టవర్ నుంచి మనిషి నేలకు రావడానికి నాలుగు సెకన్లు పట్టింది. తాడు దానంతటది తెగలేదు. కత్తి గాటు నున్నగా కనిపిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే బ్రెజిల్ అడవి నడుమ ఉన్న మనౌస్ నగరంలో రహస్య విభాగం చీఫ్ దోనా ఇరసేమా తపియోకా అట్టు నములుతూ ఏజెంట్ జురందీర్ ముందుకు ఫైలు విసిరింది. పోయినవాడు జురందీర్ సొంత అన్న. ఆ మహాతల్లికి అదేం పట్టలేదు.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. విను. మీ అన్న ఇరవై ఏళ్లుగా టవరెక్కి సీసాల్లో గాలి పట్టాడు. కార్బన్ డయాక్సైడ్ ఏటికేడు పెరుగుతోందనీ, అడవి ఇక దాన్ని మింగలేకపోతోందనీ తేల్చాడు. ఇవాళ మూడింటికి దేశాల కమిటీ ఆ అంకెల మీద ఓటేస్తుంది."

"అడ్డమెవరు?"

"'లాంతరు' ముఠా. బొగ్గు అమ్ముకునే విదేశీ వెధవలు. మీ అన్నవి దొంగ అంకెలట, బయటపడతాయని దూకి చచ్చాడట. పేపర్లకెక్కించారు. చచ్చేముందు అతను పట్టిన నాలుగు సీసాలు మాయం. అవి ల్యాబ్‌కొస్తే మీ అన్న నిజాయితీపరుడు. రాకపోతే ఎప్పటికీ దొంగే. మన ఒటీలియా అక్కడే ఉంది. కోడ్ మాట, 'వాన తూర్పునుంచేనా?' పో."

జనరేటర్ మెకానిక్ వేషంలో, చెవిలో బియ్యపు గింజంత రేడియోతో, జురందీర్ పదింటికల్లా టవర్ దగ్గర దిగాడు.

ఒటీలియా రెండేళ్లుగా అన్సెల్మోకు అసిస్టెంటు. బురదలో కూడా లిప్‌స్టిక్ చెదరనివ్వని అందగత్తె. మన తరఫున 'లాంతరు'లో చేరిన డబుల్ ఏజెంటని చీఫ్ గట్టి నమ్మకం.

"వాన తూర్పునుంచేనా?"

"కాదు, నది మీదినుంచి. రండి మెకానిక్ గారూ," అని నవ్వింది. "పాత సీసాలు ఇక దొరకవు. కొత్తవి నాలుగు పట్టేద్దాం. నిన్నటి గాలికీ ఇవాళ్టి గాలికీ తేడా ఏముంటుంది?"

ఇద్దరూ నడుముకు తాళ్లు కట్టుకుని ఎక్కి, తాళ్ల కొక్కేలు పైన కమ్మీకి తగిలించారు. పైన గాలి ఈడ్చి కొడుతోంది. ఒటీలియా గాలికి వీపు పెట్టి నిలబడి, కబుర్లు చెబుతూనే సీసా మూత తిప్పింది. ఆమె మూతికీ సీసా మూతికీ మధ్య జానెడు దూరం లేదు.

జురందీర్‌కు ఒళ్లు మండిపోయింది. ఆ స్టేషన్‌లో వంటమనిషికి కూడా తెలిసిన పద్ధతి ఒకటుంది. సీసా తెరిచేవాళ్లు గాలికి ఎదురుగా నిలబడాలి. గుండెల నిండా పీల్చి, ఊపిరి బిగబట్టాలి. మూత పెట్టేదాకా వదలకూడదు. మనిషి వదిలే ఊపిరిలో బయటి గాలికన్నా వంద రెట్లు కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, ఒక్క నిట్టూర్పుతో సీసా పాడైపోతుంది. అన్న ఇంట్లో చారు గిన్నె మూత తీసేటప్పుడు కూడా ఊపిరి బిగబట్టేవాడు, వదిన పడీ పడీ నవ్వేది.

రెండేళ్లు పనిచేసిన మనిషి ఇది మరిచిపోదు. కావాలనే ఊదుతోంది. ఈ సీసాలు ల్యాబ్‌లో పిచ్చి అంకెలు చూపిస్తే అన్న ఇరవై ఏళ్ల పనీ నవ్వులపాలైపోతుంది.

"ఊపిరి బిగబట్టవేం, ఒటీలియా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. లిప్‌స్టిక్ గొట్టం తీసింది. అది ఒకే ఒక్క తూటా పట్టే పిస్టల్. పేలగానే జురందీర్ చెవి సగం ఎగిరిపోయింది, రేడియోతో సహా. అతను ఆమెను కమ్మీ అవతలికి నెట్టి, ఆమె నడుం తాడు కొక్కెం ఊడదీసి, తాడును కమ్మీకి ఒక్క చుట్టు చుట్టి కొస పట్టుకున్నాడు.

"సీసాలెక్కడ?"

"చెబితే పైకి లాగుతావా?"

"మా అమ్మ మీద ఒట్టు."

"దిగువ రేవులో... చేపల పడవలో, ఐసు కింద. పదకొండున్నరకి కదులుతుంది. లాగు బాబూ, నీకు దణ్ణం పెడతా!"

"మా అన్న కూడా ఇలాగే అడిగాడా?"

జురందీర్ వాళ్లమ్మ పోయి పదేళ్లయింది. అతను తాడు వదిలేశాడు.

గడ్డం కింద తుపాకీ పెడితే పడవవాడు చేపల కుప్ప తానే తవ్వి సీసాలు చేతికిచ్చాడు. హెలికాప్టర్ ఒంటిగంటకు ల్యాబ్ ముందు వాలింది. రెండూ యాభై తొమ్మిదికి కమిటీ అధ్యక్షుడు, "డాక్టర్ అన్సెల్మో అంకెలు తోసిపుచ్చాలనేవారు చేతులు..." అంటుండగా జురందీర్ తలుపు తోసుకొచ్చాడు. చెవినుంచి నెత్తురు కారుతోంది, చేతిలో ల్యాబ్ కాగితం ఉంది. నాలుగు సీసాలదీ ఒకటే అంకె. ఇరవై ఏళ్ల గీత మీద అతికినట్టు కూర్చుంది.

అంకెలు నిజమేనని ప్రతి దేశమూ చెయ్యెత్తింది. అన్సెల్మో కోసం ఒక నిమిషం మౌనం పాటించారు. ఆ తర్వాత బొగ్గు తగ్గించే తీర్మానాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేసి, కాఫీకి లేచారు.

సాయంత్రం జురందీర్ వదిన జెనాయిదె ఇంటికి వెళ్లి అంతా చెప్పాడు.

"అయితే మీ అన్న దొంగ కాదని ఒప్పుకున్నారన్నమాట."

"అందరూ ఒప్పుకున్నారొదినా."

"ఒప్పుకుని కూడా ఏమీ చెయ్యరా?"

"చెయ్యరు."

ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఎలాగూ ఏమీ చెయ్యనప్పుడు, ఆయన్ని ఎందుకు చంపారయ్యా?"

జురందీర్ చెవికట్టు సర్దుకున్నాడు.

"పాపం, వీళ్లేమీ చెయ్యరన్న సంగతి ఆ ముఠావాళ్లకి తెలీదొదినా."